వాలుగలు ఒడ్డుకొచ్చిన కార్తె

జాగృతిబెన్ నా చేతికి నోటుబుక్కు ఇచ్చినప్పుడు, పెళ్లయ్యాక నేను పెన్ను పట్టుకోవడం అదే మొదటిసారి. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మాన్పించారు నన్ను. అక్షరాలు గుర్తున్నాయో లేదోనని ముందు కొంగు చాటున అరచేతి మీద రాసి చూసుకున్నాను.

తపతికి పెద్ద వరద వచ్చింది చూడండి, దానికి ముందటి ఏడాది ఎండాకాలం అది. అప్పుడు మేం సూరత్ పక్కన వడోద్‌లో ఉండేవాళ్లం. మా ఆయన లక్ష్మీరాజం సాంచెల మీద పన్నెండు గంటల పాళీ చేసేవాడు. మా సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటాం, సూరత్‌లోనూ దాదాపు అదే మాట. మొదట్లో ఇంకే మాట రాకపోయినా ఆ ఒక్క మాటతో బతికేశాం. మాకున్నది ఒకటే గది. అందులో నేను, ఆయన, మా అత్తమ్మ నర్సవ్వ, మూడేళ్ల అఖిల. గోడకు అవతలే సాంచెల షెడ్డు. చెయ్యి ఆనిస్తే గోడ వణుకు తెలిసేది. దారపు నూగు తలుపు సందుల్లోంచి వచ్చి వడ్డించిన అన్నం మీద వాలేది.

అఖిలకు పిల్లికూతలు. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టమనీ, నలభై దాటితే వెంటనే తీసుకురమ్మనీ దవాఖానలో నర్సు చెప్పింది. అప్పటినుంచి నాకు అదే పని. చీరలకు మెరుపు టిక్కీలు అంటిస్తూ లెక్కపెట్టేదాన్ని. అన్నం వారుస్తూ లెక్కపెట్టేదాన్ని. పిల్ల హాయిగా నిద్రపోతుంటే అంత నెమ్మదిగా ఎందుకు తీస్తోందని భయపడి లేపేదాన్ని.

మాలాంటి గదుల వరసను అక్కడ చాల్ అంటారు. మా చాల్ వెనకనుంచి పది నిమిషాలు నడిస్తే ఖాడీ అనే వాగు వస్తుంది. డైయింగ్ మిల్లుల నీళ్లు కలిసే చోటునుంచి కిందికి, ఏ రోజు ఏ రంగు చీరలు అద్దితే ఆ రోజు ఆ రంగులో పారేది. కానీ ఆ కలిసే చోటుకు పైన, రైలు పట్టాల అవతల, ఒక మడుగు ఉండేది. నిలువు లోతు, చుట్టూ తుంగ, అడుగున రాళ్లు కనిపించే నీళ్లు. ఒడ్డున చేతిపంపు. చాల్‌లో అందరం తాగే నీళ్లు ఆ పంపువే. బట్టలు మడుగులో ఉతికేవాళ్లం.

ఒక పొద్దున ఎవరో ఆవిడ మోకాళ్ల దాకా చీర ఎగ్గట్టి మడుగులో నిలబడి సీసాలోకి నీళ్లు పడుతూ కనిపించింది. యాభై ఏళ్లుంటాయి. కళ్లద్దాలు జారిపోకుండా తాడు కట్టుకుంది. పంపు పీకించడానికి వచ్చిన మనిషేమోనని మేం బిందెలు పట్టుకుని దూరంగానే నిలబడ్డాం. ఆవిడ గట్టెక్కి, సంచిలోంచి ఒక బొమ్మ తీసి, హిందీలో అడిగింది.

"ఈ చేపను మీలో ఎవరైనా చూశారా?"

పొడుగాటి ఒళ్లు, పొలుసు లేదు, కళ్ల వెనక దాకా చీలిన నోరు, రెండు పెద్ద మీసాలు. 

"ఇది వాలుగ," అన్నాను నేను. "మా దిక్కు మానేరులో ఉంటుంది."

"ఇక్కడ?"

"ఇక్కడా ఉంది. పొద్దున పూట పైకొచ్చి తోక కొట్టి పోతుంది. ఆ తుంగ వైపు ఎక్కువ."

పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. బిందె దించమని, నన్ను గట్టు మీద కూర్చోబెట్టుకుని మాట్లాడింది. ఆవిడే జాగృతిబెన్. గుజరాతీలో బెన్ అంటే అక్క. కాలేజీలో జంతువుల పాఠాలు చెబుతుంది. ఈ ఖాడీ పొడుగునా పదిహేను చోట్ల వెతికింది. ఒకప్పుడు అంతటా ఉండిన వాలుగ ఇప్పుడు ఈ ఒక్క మడుగులోనే మిగిలింది. మడుగుకు పైన కొత్తగా డైయింగ్ మిల్లులు రాబోతున్నాయి, వాటి కాలువను నేరుగా ఇందులోకే తీసుకొస్తామంటున్నారు. వానాకాలం చివర పంచాయతీ ఆఫీసులో విచారణ ఉంది. ఈ చేప ఇక్కడే గుడ్లు పెడుతుందని చూపించగలిగితే కాలువ దారి మళ్లిస్తారు.

"మడుగు పోతే చేప ఒక్కటే పోదు, పంపు నీళ్లూ పోతాయి," అంది. "నేను వారానికోసారి రాగలను, అంతే. నువ్వు రోజూ వస్తావు. చేప ఎన్నిసార్లు పైకొచ్చింది, నీళ్లు ఏ రంగులో ఉన్నాయి, వల పట్టుకుని ఎవరైనా వచ్చారా. ఈ మూడూ రాయి. తెలుగులోనే రాయి. రైల్వేలో పనిచేసే తెలుగాయన కూతురు ఒకమ్మాయి నా దగ్గర చదువుతోంది, తనతో చదివించుకుంటాను."

"నాకు తప్పులు పోతాయి బెన్."

"అక్షరం తప్పు పోతే పోనీ. చూడనిది మాత్రం రాయొద్దు."

ఆ సాయంత్రం లక్ష్మీరాజం పాళీ దిగి వచ్చి, పుస్తకం తిరగేసి ఒకటే నవ్వాడు.

"ఓహో, మా ఇంట్లకు పట్వారి వచ్చింది. ఏమమ్మా పట్వారీ, జర వాలుగల పహాణీ నకలు నాకోటి ఇయ్యరాదు?"

"నవ్వకుర్రి. పంపు నీళ్ల కోసమట."

"చేపలను లెక్కవెట్టే కొలువు నేను బుద్ధెరిగినసంది ఇనలే," అంది అత్తమ్మ. "లెక్కవెట్టి ఏంజేస్తరే, కూరండుకుంటరా?"

"కాపాడుతరట అత్తమ్మా."

"మనల్ని ఎవరు కాపాడుతరట? గా మాటగూడ రాయమను."

వాళ్లు నవ్వినా నాకు ఆ పని నచ్చింది. మే నెలంతా రాశాను. పిల్ల ఊపిరి లెక్కపెట్టీ పెట్టీ అలవాటైన కళ్లు నావి. మిగతావాళ్లకు నీళ్లు మాత్రమే కనిపించే చోట నాకు అల కింద నల్లటి వీపు కనిపించేది. చిన్నవి ఎటు తిరుగుతాయి, పెద్దవి ఏ రాయి కింద ఉంటాయి, మబ్బు పడితే ఏం చేస్తాయి, అన్నీ తెలిశాయి. సబ్బు నీళ్లు మడుగులో పడకుండా కింది బండ మీద ఉతుకుదామని ఆడవాళ్లను బతిమాలాను. "కలెక్టరమ్మ ఆర్డరేసింది, పదండే," అని వెక్కిరిస్తూనే జరిగారు. జాగృతిబెన్ వచ్చినప్పుడల్లా పేజీలు తిప్పి, అఖిల బుగ్గ తట్టి పోయేది. నా చేతిరాతను ఎవరో కాలేజీ అమ్మాయి కూర్చుని చదువుతోందంటే నాకు లోపల్లోపల గర్వంగా ఉండేది.

జూన్‌లో మృగశిర వచ్చింది. మేం మిర్గం అంటాం. కార్తె ప్రవేశించిన రోజు చేప తినాలి. తింటే వానాకాలమంతా దగ్గు, దమ్ము దగ్గరికి రావని మా నమ్మకం. ఆ రోజు సూరత్‌లో తెలంగాణ చాల్ ఏదో తెలుసుకోవడానికి పేరు అడగక్కర్లేదు, వాసన చాలు. లక్ష్మీరాజం సముద్రపు చేప, పాప్లెట్ తెచ్చాడు. అత్తమ్మ దాన్ని వేలితో నొక్కి పక్కకు తోసింది.

"ఉప్పునీళ్ల చేపల ఏం మందుంటదిరా? మందంతా వాగు చేపల ఉంటది. నీకు ఐదేండ్లప్పుడు గిదే దమ్ము. డొక్కలు ఎగరేస్తుంటే సస్తవనుకున్న. మిర్గం మిర్గానికి మూడేండ్లు మానేరు వాలుగ తినిపిచ్చిన. ఇప్పుడు సూడు, సాంచె తీర్గ ఉన్నవ్."

"దవాఖానల డాక్టరు గది మారమన్నడు అత్తమ్మా. గీ నూగుతోనే వస్తుందట," అన్నాను.

"గది మారుడు ఆయనకేమి, నోటితోని మారుతడు. మిర్గం ఇంక పదిహేను దినాలుంటది. ఎల్లేలోపు పోరి నోట్లె వాలుగ ముక్క పడాలె."

పుస్తకాన్ని ఆ రోజునుంచి గూట్లో ముందువైపు పెట్టకుండా బట్టల కింద పెట్టడం మొదలుపెట్టాను. ఎందుకని అప్పుడు నన్నెవరైనా అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

ఆ ఏడు వాన ఆలస్యమైంది. కార్తె ఇంకో మూడు రోజుల్లో వెళుతుందనగా ఒక సాయంత్రం ఉరిమి గట్టిగా పడింది. తెల్లారి నేను పంపు దగ్గరికి వెళ్లేసరికి మడుగు పొంగి తుంగలోకి ఎక్కింది. మోకాలి లోతు లేదు అక్కడ. గడ్డి కదులుతోంది, గాలి లేదు. కాసేపు చూస్తే తెలిసింది. వాలుగలు. పెద్ద పెద్దవి, చెయ్యంత పొడుగువి, జతలు జతలుగా తుంగలోకి వచ్చాయి. ఒకదాన్నొకటి రాసుకుంటూ, చుట్టుకుంటూ, వీపులు నీళ్ల పైన తేలుతుంటే పట్టించుకోకుండా. నేను రెండడుగుల దూరంలో నిలబడినా వాటికి నా ధ్యాస లేదు. ఎండ వచ్చేదాకా ఉండి, ఎలా వచ్చాయో అలాగే లోతుకు వెళ్లిపోయాయి. పదకొండు జతలు లెక్కపెట్టాను. రెండుసార్లు లెక్కపెట్టాను. బిందె నింపడం మర్చిపోయి పెన్ను కోసం ఇంటికి పరుగెత్తాను.

ఎస్టీడీ బూత్ నుంచి జాగృతిబెన్‌కు ఫోన్ చేశాను. ఆవిడ అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు.

"గుడ్లు పెట్టే ముందు అలాగే వస్తాయి స్వరూపా! రేపు పరీక్షల డ్యూటీ, కదల్లేను. ఎల్లుండి తెల్లవారుజామునే కెమెరా తెస్తాను. ఆ ఫోటోలు చాలు, విచారణలో ఇంకేం అక్కర్లేదు. ఈ రెండు రోజులూ ఎవరికీ చెప్పకు."

"చెప్పను బెన్," అన్నాను.

ఆ మధ్యాహ్నం అఖిలకు జ్వరం వచ్చింది. మూడింటికి నలభై ఆరు. మెడ గుంట లోపలికి పోతోంది. దవాఖానలో మూతికి మాస్కు పెట్టి పొగ మందు పట్టించారు. దీపాల వేళకు ఇంటికి తెచ్చాం. అత్తమ్మ నూనె వేడిచేసి పిల్ల రొమ్మునిండా రాస్తూ కూర్చుంది. నేను పక్కన కూర్చుని లెక్కపెడుతున్నాను. ముప్పై ఎనిమిది. షెడ్డు నడుస్తోంది. గోడ వణుకుతోంది.

"పొద్దుగాల పెన్ను కోసం ఉరికొచ్చినవ్ గదా," అంది అత్తమ్మ, నా వైపు చూడకుండానే. "వాలుగలొచ్చినయా?"

"ఊఁ."

"ఎక్కడికి?"

"తుంగలకు."

"మల్ల వస్తయా?"

"రేపు గూడ వస్తయేమో. తెల్లారంగ వచ్చి, ఎండ రాంగనే పోతయ్." అని, పిల్ల గౌను సర్దుతూ అన్నాను, "ఒక్కటే అత్తమ్మా. ఒక్కటంటే ఒక్కటే."

"గింత పిల్లకు ఒక్కటి పట్టకనా," అంది.

ఇరవై రెండులో ఒకటి పోతే ఎవరికి తెలుస్తుందని నేను అనుకున్న మాట నిజం. లెక్కలో ఒకటి తగ్గించి రాయాలా అని కూడా ఆలోచించాను. అంతకుమించి ఆలోచించలేదు. పిల్లకు ముప్పై ఆరుకు దిగింది. నిద్రపోయాను.

మర్నాడు నేను వెళ్లేసరికి మడుగు మీద తెల్లటి పొర తేలుతోంది. ముక్కు పుటాలు మండే వాసన. చేపను చేత్తో పట్టడం అత్తమ్మకు రాదు కదా, రాజనర్సు మామకు చెప్పింది. ఆయన మా ఊరివాడే, చాల్‌లో అందరికీ పెద్ద, డైయింగ్ మిల్లులో బట్టను తెల్లగా చేసే చోట పనిచేస్తాడు. అక్కడ బ్లీచింగ్ పొడి బస్తాలకు బస్తాలు ఉంటుంది. వలతో పడితే ఒకటి చిక్కి పది పోతాయి, పొడి చల్లితే అన్నీ వాటంతట అవే తేలతాయి. తుంగ చుట్టూ ఆరుగురు మగవాళ్లు గోనెసంచులు పట్టుకుని తిరుగుతున్నారు. వాలుగలు పైకి నోళ్లు తెరిచి కొట్టుకుంటున్నాయి. వాటి చుట్టూ వేలంత చిన్న చేపలు, నేను పేర్లు కూడా తెలియకుండా రోజూ చూసినవి, తెల్లటి పొట్టలు పైకి పెట్టి ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయి.

"ఒక్కటన్నగదా మామా," అన్నాను.

రాజనర్సు మామ నడుం పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆయనకు నా మీద కోపం లేదు. నవ్వు కూడా లేదు.

"చాల్ల ఏడుగురు పోరగాండ్లకు దమ్మున్నది బిడ్డా. నీ బిడ్డొక్కతేనా బిడ్డ?"

ఆయన వెనక సంచి మూతి పట్టుకుని నిలబడ్డ మనిషి లక్ష్మీరాజం. పాళీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, జుట్టునిండా నూగు. నన్ను చూసి సంచిలోకి తల దించుకున్నాడు.

మా వాటాకు మూడు వచ్చాయి. నేనే బూడిద వేసి రుద్ది కడిగాను, నేనే కోశాను. అత్తమ్మ చింతపండు పులుసు పెట్టింది, జన విడిగా వేయించింది. చేప కడుపులో గుడ్ల సంచిని మేం జన అంటాం. అఖిల ముసలమ్మలా పద్ధతిగా కూర్చుని, ముల్లు తీసి పెడితే రెండు ముక్కలు తింది. ఆ పగలంతా దానికి కూత లేదు. అత్తమ్మ నా వంక చూసింది. ఆ చూపుకు నేను సంతోషపడ్డాను. అది దాచి లాభం లేదు.

సాయంత్రం రాజనర్సు మామ వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"రేపు ఆ బెన్ వస్తదట గదా. పొడి మిల్లుదని తెలిస్తే నా నౌకరి పోతది. ఆరుగురం జేలుకు పోతం. నీ మొగడుగూడ."

"ఏం జెయ్యమంటవ్ మామా?"

"పుస్తకం నీ చేతిలనే ఉన్నదాయె. ట్యాంకర్ వచ్చింది, రంగునీళ్లు ఒంపిపోయిందని రాయి. ఒంపుతనే ఉంటరు గదా, ఇయ్యాల గాకుంటే రేపు. ఉత్త అబద్ధమేం గాదు."

లక్ష్మీరాజం మూల కూర్చుని గోటితో చేతి మీది నూగు గీక్కుంటున్నాడు. పట్వారీ అనలేదు. "రాయవే స్వరూపా," అన్నాడు మెల్లగా.

బట్టల కింది నుంచి పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టాను. పొద్దున ఒక ట్యాంకర్ వచ్చింది. ఎర్ర నీళ్లు వదిలింది. చేపలన్నీ చచ్చాయి. మూడు ముక్కలు రాయడానికి పెన్ను ఎక్కడా ఆగలేదు. తప్పుల్లేకుండా రాశాను కూడా.

జాగృతిబెన్ చీకటి విడకముందే వచ్చింది, మెడలో కెమెరాతో. వాసన అప్పటికి తగ్గింది. ఆవిడ తుంగలోకి దిగి, చచ్చిన చిన్న చేపల్ని ఒక్కొక్కటే ఏరి సీసాలో వేసుకుంది. నీళ్లు ఇంకో సీసాలో పట్టింది. తర్వాత పేజీ చూసి, దాని అర్థం నా నోటితోనే హిందీలో చెప్పించుకుంది.

"ట్యాంకర్‌ను నువ్వు చూశావా?"

"చూశాను బెన్."

ఆవిడ తల ఊపింది. కెమెరా సంచిలో పెట్టుకుంది. పిల్లకు ఎలా ఉందని అడిగి వెళ్లిపోయింది. మూడో రోజుకు అఖిలకు కూత మళ్లీ మొదలైంది. నలభై రెండు.

విచారణ భాద్రపదంలో జరిగింది. నన్ను రమ్మన్నారు. అఖిలను చంకనెత్తుకుని వెళ్లాను. లక్ష్మీరాజం, రాజనర్సు మామ పని ఎగ్గొట్టి వచ్చి గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబడ్డారు. లోపల బల్ల వెనక అధికారి, ఒక పక్క మిల్లుల తరఫు మనిషి, ఇంకో పక్క జాగృతిబెన్. రైల్వే వాళ్ల అమ్మాయి నా పుస్తకాన్నంతా గుజరాతీలోకి ఎత్తి రాసింది. నా పేజీలు నీటుగా, కుట్టు వేసి, బల్ల మీద ఉన్నాయి.

మిల్లుల మనిషి అరవలేదు. ఒక కాగితం ముందుకు జరిపాడు, అంతే. జాగృతిబెన్ పట్టిన సీసాలోని నీళ్ల పరీక్ష అది. పరీక్షకు ఆవిడే పంపింది. రంగు లేదు, అద్దకపు రసాయనాల జాడ లేదు. ఉన్నది బ్లీచింగ్ పొడి ఒక్కటే.

అధికారి నా వైపు తిరిగాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు.

"ట్యాంకర్ నంబరు చూశావా అమ్మా?"

"లేదు సాబ్."

"నీళ్లు ఏ రంగు?"

"ఎరుపు."

"బ్లీచింగ్ పొడి కలిస్తే ఎరుపు నీళ్లు ఎరుపుగా ఉంటాయా?"

అఖిలను చంకలోంచి భుజం మీదికి మార్చుకున్నాను.

"ఎవరైనా చెబితే రాశావా? భయపడకు. ఈ ఒక్క పేజీ సంగతి చెప్పు, చాలు. మిగతా పుస్తకం నేను చూస్తాను."

అప్పుడు చెప్పి ఉండవచ్చు. ట్యాంకర్ రాలేదు, మేమే చంపాం, కానీ పదకొండు జతలు వచ్చిన మాట నిజం, నా కళ్లతో చూశాను అని ఆ ఒక్క మాట. నాకు ఆ మాటలన్నీ హిందీలో వచ్చు. జాగృతిబెన్ నన్నే చూస్తోంది, తొందరపెట్టకుండా, పాఠం అప్పజెప్పే పిల్ల కోసం ఆగినట్టు. గుమ్మంలో లక్ష్మీరాజం చెప్పులు కనిపిస్తున్నాయి. అఖిల నా భుజం మీద ఊపిరి తీస్తోంది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"ట్యాంకరే వచ్చింది సాబ్," అన్నాను.

ఆయన నిట్టూర్చాడు. "ఒక పేజీ ఇలా ఉంటే మిగతావి నేనెలా నమ్మాలి?" అని పుస్తకం మూసి పక్కన పెట్టాడు. అందులో నలభై మూడు పేజీలున్నాయి. నలభై రెండింట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

బయటికి వచ్చాక రాజనర్సు మామ నా తల మీద చెయ్యి పెట్టి, "మా బిడ్డవు," అన్నాడు. ఆ చెయ్యి బరువు నాకు చాలా రోజులు దిగలేదు.

నవరాత్రులకు, అందరూ గర్బా ఆడుతుండగా, కాలువ తవ్వడం మొదలైంది. సంక్రాంతి గాలిపటాల పండగ నాటికి మడుగు నురగ కట్టింది. ఆ వెనక వారానికే పంపు నీళ్లలో అన్నం వండితే పచ్చగా వచ్చింది. అఖిల ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. చాల్ సగం ఖాళీ అయింది. మేం సూరత్‌లోనే భేస్తాన్‌కు మారాం. వెళ్లేముందు రోజు సామాన్లు కడుతూ అత్తమ్మ ఒక్కసారి అంది, "నేనడగకపోతే ఆ వాలుగలు పోవు గదనే."

"నేను చెప్పకపోతే పోవు అత్తమ్మా," అన్నాను. అంతకుముందు మేమిద్దరం గంటలు గంటలు పోట్లాడుకునేవాళ్లం. ఆ తర్వాత ఎప్పుడూ పోట్లాడుకోలేదు. లక్ష్మీరాజం నన్ను ఆటపట్టించడం మానేశాడు. ఇంట్లో అందరం ఒకరితో ఒకరం మర్యాదగా ఉండేవాళ్లం, చుట్టాలింటికి వచ్చినవాళ్లలా.

భేస్తాన్ గదికి పక్కన సాంచెలు లేవు. గోడ కదలదు. రెండు నెలలకు అఖిల పిల్లికూతలు ఆగిపోయాయి. డాక్టరు మొదటి రోజునుంచి చెప్పిందల్లా అదే.

పిల్లకు నయమయ్యాక నాకు నిద్ర పట్టడం మానేసింది. ఒకరోజు దాన్ని తీసుకుని రెండు బస్సులు మారి కాలేజీకి వెళ్లాను. దారంతా హిందీలో మాటలు కూర్చుకున్నాను. మొదట అబద్ధం రాసిన సంగతి చెప్పాలి, తర్వాత పిల్ల జబ్బు సంగతి చెప్పాలి, తర్వాత కాళ్లు పట్టుకోవాలి అని.

జాగృతిబెన్ అద్దాల బీరువాల మధ్య కూర్చుని ఏదో రాసుకుంటోంది. నన్ను చూసి లేచింది. కుర్చీ వేసింది, అఖిలకు గ్లాసుతో నీళ్లు ఇచ్చింది, అది తాగేదాకా చూసింది. "దమ్ము తగ్గిందే!" అంది సంతోషంగా.

"బెన్, ఆ రోజు..."

"వాటి కడుపులో గుడ్లు ఉన్నాయా?" అని అడిగింది.

కూర్చుకున్న మాటలు ఒక్కటీ పనికి రాలేదు.

"ఉన్నాయి బెన్."

"అన్నింట్లో?"

"నేను కోసినవి మూడు. రెండింట్లో నిండుగా ఉన్నాయి. ఒకటి మగది."

"ఏ రంగు? విడివిడిగా ఉన్నాయా, ముద్దగానా?"

"లేత పసుపు. సంచి కొయ్యగానే జారి చేతి మీద పడ్డాయి. ఒక్కొక్కటి విడిగా."

ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "అయితే ఆ పొద్దునే పెట్టేవి," అంది, నాతో కాదు. తర్వాత ఒక పాత రిజిస్టరు తెరిచి, తారీఖు అడిగింది. చెప్పాను. ఎలా చచ్చాయో అడిగింది. పొడి సంగతి చెప్పాను. ఎవరు చల్లారని అడగలేదు.

"చూసినవాళ్ల పేరు రాయాలి. నీ పేరు రాయనా?"

"రాయండి."

రాసి, పుస్తకం నా వైపు తిప్పింది. "సరిగ్గా ఉందా చూడు."

గుజరాతీలో ఉంది. తల ఊపబోయి ఆగాను. "నాకు ఇది చదవడం రాదు బెన్," అన్నాను.

ఆవిడ కుర్చీ దగ్గరగా జరుపుకుని, ఒక్కో మాట మీద వేలు పెట్టి, మొదటినుంచి చదివి వినిపించింది.